లీటరు సీసాతో సఖీర్ దాకా

మా జమ్మికుంటలో కొత్త బండి కొన్నవాణ్ణి ఎంతకు కొన్నావని ఎవరూ అడగరు. "లీటరుకు ఎంతిస్తది?" అని అడుగుతారు. జవాబు విని, ఎంత చెప్పినా, "మావోనిది ఇంకో ఐదు ఎక్కువిస్తది" అంటారు. అట్లాంటి ఊరి నుంచి, పెట్రోలు మంచినీళ్ళకన్నా చవకగా దొరికే దేశానికి, ఒక పాత మోటారు సైకిలు మైలేజీ పెంచడానికి విమానమెక్కి పోయినవాణ్ణి నేను. బహ్రెయిన్ చూసొచ్చినవాళ్ళు మన దగ్గర చాలామందే ఉంటారు. ఈ పని మీద పోయొచ్చినవాడు ఇంకొకడు ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసి సంఘం పెట్టుకుంటాం.

సంగతేమిటంటే, మా అక్క భర్త రాజేశం బావ అక్కడ ఆరేళ్ళుగా ఉన్నాడు. మొదటి మూడేళ్ళు కట్టడాల దగ్గర సిమెంటు బస్తాలు మోశాడు. తర్వాత జిదాఫ్స్ అనే ఊళ్ళో అబూ జాసిం అనే పెద్దాయన కిరాణా దుకాణంలో కుదిరాడు. పని, ఇళ్ళకు సామాను చేరవేయడం. వాహనం, ఆ పెద్దాయన కుర్రతనంలో కొన్న జపాన్ బండి. ఆ బండి ఈ మధ్య పెట్రోలు తెగ తాగి సగం దారిలో ఆగిపోతోంది. దాన్ని పాతసామానుకు వేసేసి వ్యాను కొందామని పెద్దాయన కొడుకు పట్టుబట్టాడు. బావకున్నది మోటారు సైకిలు లైసెన్సు ఒక్కటే. వ్యాను వస్తే దానితోపాటు డ్రైవరూ వస్తాడు, బావ మళ్ళీ సిమెంటు బస్తాల కిందికి పోతాడు. ఆ మాట ఫోనులో విని అక్క రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నన్ను పంపాలని తీర్మానం చేసి తిన్నది.

మా నాన్నకు మెకానిక్ షెడ్డు ఉంది. నేను అందులో రెంచీలు అందిస్తాను, రసీదులు రాస్తాను, మిగతా టైమంతా మాట్లాడతాను. బావ మాత్రం అక్కడ "ఇండియా నుంచి ఇంజనీర్ వస్తుండు" అని చెప్పుకున్నాడట. ఊళ్ళోవాళ్ళకు నేను బహ్రెయిన్ పోతున్నానని చెబితే, "దుబాయేనా?" అన్నారు. కాదు, అది వేరే దేశం, చిన్న ద్వీపం అని వివరించాను. అంతా విని, "అదే, దుబాయే గద" అన్నారు.

విమానం దిగంగనే: నీళ్ళ ధర

విమానాశ్రయానికి బావ, ఆయన గదిలో ఉండే గౌస్ భాయ్ వచ్చారు. గౌస్ భాయ్‌ది కరీంనగర్. అక్కడ కార్ల గ్యారేజీలో మిస్త్రీ. గ్యారేజీవాళ్ళ పికప్పు తీసుకొచ్చాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బోర్డు చూశాను. లీటరు ఎనభై ఫిల్సులు. ఫిల్సులంటే వాళ్ళ పైసలు. పక్కనున్న కొట్లో నీళ్ళ సీసా కొన్నాను. వంద ఫిల్సులు.

"బావా, ఇక్కడ రేడియేటర్ల నీళ్ళు పోసుకునుడు దండుగ. పెట్రోలే పోసుకుంటే అగ్గువ" అన్నాను.

"అందుకే మైలేజీ అన్న మాటే ఎవలకు ఎర్కలేదు రా ఈడ. పైసల లొల్లి గాదు. ఆగుడు లొల్లి."

రోజూ పొద్దున ట్యాంకు నింపుతాడట. ట్యాంకు చిన్నది, అది చూపించే ముల్లు నేను పుట్టకముందే చచ్చిపోయింది. మధ్యాహ్నానికి బండి ఎక్కడో ఒకచోట చతికిలబడుతుంది. మరి సీసాలో కొంచెం పోసి వెంట ఉంచుకోవచ్చు గదా అన్నాను.

"ఉంచుకున్న. రొట్టెల డబ్బల పెట్టిన" అన్నాడు బావ.

"అయితే?"

గౌస్ భాయ్ స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "అయితే ఏంది మియా! రొట్టె పెట్రోల్ వాసనొస్తుందని పదహారు ఇండ్లోళ్ళు వాపస్ పంపిన్రు. మేము గదిల మూడు రోజులు అదే తిన్నం. సిగరెట్ ముట్టిచ్చుడు బంద్ జేసినం, భయానికి."

ఆ సాయంత్రం రోడ్డు దాటబోతుంటే, తెల్ల గీతల దగ్గర ఒక పెద్ద కారు నాకోసం ఆగింది. వెనక ఎవరైనా మంత్రి వస్తున్నాడేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. కారులోని మనిషి చేత్తో "ముందు నువ్వు పో" అని సైగ చేశాడు. నేను కూడా "లేదు, మీరు పోండి" అని సైగ చేశాను. ఇద్దరం మర్యాదపరులం కావడంతో వెనక ఏడు కార్లు నిలబడ్డాయి. అయినా ఒక్కడూ హారన్ కొట్టలేదు.

జిదాఫ్స్: హారన్ల దుకాణం

హారన్లన్నీ దుకాణాల కోసం దాచుకుంటారని మర్నాడు తెలిసింది. అక్కడ కిరాణా దుకాణాన్ని కోల్డ్ స్టోర్ అంటారు. కొనేవాళ్ళు కారు దిగరు. దుకాణం ముందు ఆపి రెండుసార్లు హారన్ కొడతారు. బావ పరుగెత్తుకెళ్ళి, కిటికీలోంచి మాట విని, పరుగెత్తుకొచ్చి, పాల డబ్బా తీసుకుని మళ్ళీ పరుగెత్తుతాడు. మా దగ్గర కోమటి కొట్టు ముందు ఎవడైనా హారన్ కొడితే ఉప్పు కూడా అమ్మరు. ఇక్కడ అది నమస్కారం లాంటిది. ఏ హారన్ ఎవరిదో, ఏ హారన్‌కు ఏ సరుకో బావకు తెలుసు. "గిది పెరుగు" అని, అటు చూడకుండానే ఫ్రిజ్ తెరుస్తాడు. మా ఇంట్లో అక్క పిలిస్తే మూడోసారికి గాని వినపడని మనిషి ఈయనేనా అని నాకు అనుమానం వచ్చింది.

అబూ జాసిం దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉంటాడు. అబూ జాసిం అంటే జాసిం నాన్న అని అర్థం. పెద్దవాళ్ళను పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు. మన దగ్గర కూడా ఇంటామె తన భర్తను పేరుపెట్టి పిలవలేక "మా పోరని నాయిన" అంటుంది గదా. వీళ్ళు దాన్ని ఊరంతటికీ వర్తింపజేశారు. ఆయన గల్ఫ్ హిందీ మాట్లాడతాడు. అంటే హిందీలోంచి వ్యాకరణం తీసేసి ఆప్యాయత కలిపిన భాష. నన్ను చూసి లేచి నిలబడి, చెయ్యి ఇచ్చి, అదే చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు. "తుమ్ ఇంజనీర్?" అన్నాడు. బావ ముఖం చూసి "అవును" అన్నాను.

పొద్దుటి తిండి ఆయన ఇంటినుంచే వచ్చింది. పళ్ళెం నిండా సేమియా. నోట్లో పెట్టుకుంటే తియ్యగా, యాలకుల వాసనతో ఉంది. పైన పరిచింది మాత్రం ఆమ్లెట్టు. ఇద్దరు వేర్వేరు ఊళ్ళకు పోవలసినవాళ్ళు ఒకే బస్సెక్కినట్టుంది అనుకున్నాను. నాలుగో ముద్దకు ఆ ఇద్దరికీ పెళ్ళి చేయవచ్చనిపించింది. పళ్ళెం ఖాళీ చేసి, దాని పేరు బలాలీత్ అని రాసుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "పాయసంల గుడ్డు కొట్టుకుంటరా?" అని మూడు రోజులు నన్ను అనుమానంగా చూసింది.

తర్వాత బండిని చూశాను. నాకంటే రెండేళ్ళు పెద్దది. ట్యాంకుకు రెండు సొట్టలు, ఒక్కొక్కదానికీ అబూ జాసిం దగ్గర ఒక కథ. మొదటిది ఒంటె వల్ల. రెండోది పెళ్ళి కొత్తలో భార్యను ఎక్కించుకుని చేపల బజారుకు పోతే, ఆమె నవ్వించడం వల్ల. ఆ కథ చెబుతున్నప్పుడు ఆయన సీటు మీది దుమ్ము తన మెడలోని రుమాలుతో తుడిచాడు. కొడుకు ఏమన్నా, ఈయన మనసు బండి వైపే ఉందని అర్థమైంది. కాని దుకాణం ఇప్పుడు నడిపేది కొడుకు.

బుదైయా రోడ్డు: తాగిన ఐస్‌క్రీం

మా షెడ్డులో మైలేజీ చూసే పద్ధతి ఒక్కటే. ట్యాంకు ఖాళీ చేయాలి, కొలిచి ఒక్క లీటరు పోయాలి, ఆగేదాకా నడపాలి, మీటరు చూడాలి. నీళ్ళ సీసాతో కొలిచి పోశాం. బుదైయా వైపు రెండిళ్ళకు సామానుంది. నేను వెనక కూర్చున్నాను, నా వెనక డబ్బాలో ఐస్‌క్రీం.

బుదైయా రోడ్డు మీద పోతుంటే, ఇది ఎడారి దేశమని ఎవరన్నారో వాళ్ళను పట్టుకొచ్చి చూపించాలనిపించింది. రెండువైపులా ఖర్జూరపు తోటలు, కూరగాయల మళ్ళు, తెల్ల గోడల మీంచి పొంగి పడుతున్న కాగితం పూలు. మొదటి ఇంట్లో సామానిచ్చాం. రెండో ఇంటికి కిలోమీటరుంది అనగా బండి రెండుసార్లు దగ్గి నిలబడిపోయింది. మీటరు చూశాను. పద్నాలుగు.

"బావా, మన ఊళ్ళె లారీ గింతిస్తది" అన్నాను.

"లారీలె ఇరవై టన్నులు పడుతది గద. దీన్ల నువ్వొక్కనివే."

నెట్టుకుంటూ చేరేసరికి డబ్బాలో ఉన్నది ఐస్‌క్రీం జ్ఞాపకం మాత్రమే. తలుపు తీసిన ముసలమ్మ డబ్బా ఊపి చూసింది, మా చెమట చూసింది. ముందు ఇద్దరికీ చల్లటి మజ్జిగ ఇచ్చింది. తర్వాత మా ముందే ఆ ఐస్‌క్రీం గ్లాసులో పోసుకుని తాగి, "మాలేష్" అంది. అంటే ఫరవాలేదు అని. మా దగ్గరైతే ఆ గ్లాసు మా మీదికి వచ్చేది. నేను ఆవిడకు దణ్ణం పెట్టబోతే బావ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

కాని కబురు జాసింకు చేరింది. సాయంత్రం దుకాణానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, నిదానమైన మాట. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు.

"మా నాన్నకు ఆ బండి అంటే ప్రేమ. నాకు రాజేశం అంటే గౌరవం. కాని కరిగిన ఐస్‌క్రీం రెండింటికంటే పెద్దది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేనా ఇంజనీర్? దీనికి ఏమైనా చేయగలవా?"

అక్కడ "చూస్తాం సార్" అంటే సరిపోయేది. తెలివైనవాడు అదే అంటాడు.

"శుక్రవారం మీరు ఎక్కడుంటారు?" అన్నాను.

"సఖీర్‌లో. ఎడారిలో గుడారం వేశాం."

"ఎంత దూరం?"

"ఇరవై ఆరు కిలోమీటర్లు."

"ఒక్క లీటరు పెట్రోలుతో మీ గుడారం దాకా ఐస్‌క్రీం తెస్తాం. గట్టిగా ఉంటుంది."

బావ నా కాలు తొక్కాడు. నోరు దాటిన తర్వాత కాలు తొక్కి ఏం లాభం?

జాసిం నవ్వలేదు. "తెస్తే బండి ఉంటుంది. తేకపోతే శనివారం పాతసామానువాడు వస్తాడు. ఆదివారం వ్యాను. ఖలాస్" అన్నాడు. ఆ ఖలాస్ అనే మాటకు అయిపోయింది అని అర్థం. అక్కడ అన్నిటికీ వాడతారు, పాలకూ పంచాయితీలకూ.

ఆయన పోయాక బావ పాల డబ్బాలన్నీ ఒకసారి తిప్పి సర్దాడు. చివరికి, "సిమెంటు బస్త యాభై కిలోలుంటది, ఎర్కేనా?" అన్నాడు. అంతే అన్నాడు.

గౌస్ భాయ్ గ్యారేజీ: బండి ముక్కు

రెండు రోజులున్నాయి. మొదటి రోజు నా తెలివితేటలు ఖర్చు పెట్టాను. కార్బురేటరుకు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే పెట్రోలు తగ్గి గాలి పెరుగుతుంది. మా ఊళ్ళో ప్రతి మనిషీ అది తిప్పించుకుని వెళతాడు. నేనూ తిప్పాను. కూరగాయల బజారు మధ్యలో బండి తుపాకీ పేలినట్టు పేలింది. పావురాలన్నీ లేచిపోయాయి, ఆకుకూరలమ్మే ముసలాయన మాత్రం లేవకుండా నాకొక ఆకుకూర కట్ట ఉచితంగా ఇచ్చాడు, జాలిపడి. లీటరు కొలిచి నడిపితే పన్నెండు వచ్చింది. నా చెయ్యి పడకముందు పద్నాలుగు.

రెండో రోజు గురువారం. గౌస్ భాయ్ తన పని ముగించుకుని మమ్మల్ని గ్యారేజీలోకి రానిచ్చాడు. నా మరను వెనక్కి తిప్పాడు. చక్రాలు నొక్కి చూశాడు, గాలి సగమే ఉంది. ఎండకు పేలిపోతాయేమోనని బావ తగ్గించి పెట్టాడట. వెనక బ్రేకు వదలకుండా చక్రాన్ని పట్టుకునే ఉంది. చలికాలం పొద్దున లాగే చోక్ మీటను ఎప్పుడో ఇనుప తీగతో కట్టేశారు, సగం మూసుకునే ఉంది. అవన్నీ సరిచేసి లీటరు పోస్తే ఇరవై వచ్చింది. ఇంకా ఆరు తక్కువ, అదీ నేను వెనక కూర్చోకుండా.

గౌస్ భాయ్ ఇంజను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "దీనికి ఊపిరి ఆడ్తలేదు మియా" అన్నాడు. "ముక్కు ఎవడో మూసిండు."

గాలి జల్లెడ ఉండే పక్క మూత తుప్పుపట్టి రెండేళ్ళుగా తెరవలేదు. నూనె పోసి, కొట్టి, తిట్టి తెరిచాం. లోపల జల్లెడ కనపడలేదు. దాని చుట్టూ రెండు మడతల గుడ్డ, దారంతో గట్టిగా కట్టి ఉంది. దాని మీద మట్టి పలక లాగా గట్టిపడింది. గౌస్ భాయ్ దులిపితే కింద నీలం రంగు, పసుపుపచ్చ పూలు బయటపడ్డాయి.

"గిది చీర గద! ఎవని తెలివి ఇది?" అన్నాడు.

నేను బావను చూసి నవ్వబోయాను. బావ నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

"నువ్వే చెప్తివి గద రా ఫోన్ల" అన్నాడు మెల్లగా.

అప్పుడు గుర్తొచ్చింది. మా జమ్మికుంటలో జిన్నింగు మిల్లులున్నాయి. పత్తి కాలంలో ఊరంతా దూది ఎగురుతుంది. అది బండ్ల గాలి జల్లెడలో చిక్కుకోకుండా పైన పల్చటి గుడ్డ కడతాం. పత్తి కాలం అయిపోగానే విప్పేస్తాం. రెండేళ్ళ కిందట బావ ఫోనులో, "ఈడ ఇసుక బాగ లేస్తది రా, బండికి ఏమన్న జెయ్యాల్నా?" అని అడిగాడు. నేను టీ తాగుతూ, "గుడ్డ కట్టు బావా, మనోళ్ళు కట్టినట్టు" అన్నాను. విప్పాలని చెప్పలేదు. ఇసుకకు కాలం ఉండదని నాకు తట్టలేదు. అక్క పచ్చడి సీసా చుట్టి పంపిన చీర ముక్క చేతికి దొరికితే, బావ రెండు మడతలు పెట్టి కట్టాడు. బావ ఏ పని చేసినా గట్టిగా చేస్తాడు.

అంటే, ఆరువేల మైళ్ళ అవతలి జబ్బును నయం చేయడానికి వచ్చిన డాక్టరే ఆ జబ్బు అంటించినవాడు. ఆరువేలు కాకపోవచ్చు. నాకు ఆ సమయంలో అంత దూరం అనిపించింది.

"రెండేండ్లు ముక్కు మూసుకొని ఉరికింది పాపం" అన్నాడు గౌస్ భాయ్. "మనిషైతే పోలీస్ కేసు పెడుతుండె."

అదే సమయానికి అక్క ఫోను చేసింది. జల్లెడకు గుడ్డ కట్టి రెండేళ్ళుగా విప్పలేదని బావ చెప్పాడు. స్పీకరు అక్కర్లేదు, మా అక్క గొంతుకు. "మా తమ్ముడు అచ్చిందాక తెల్వలేదా నీకు? రెండేండ్ల సంది ఏంజేసినవ్? బండి మంచిగ చూసుకునుడు గూడ రాదు నీకు!"

బావ జల్లెడను కిరసనాయిలులో కడుగుతూ, "అవ్, నాకు తెల్వలే" అన్నాడు. నా వైపు చూడనైనా లేదు.

ఫోను పెట్టేశాక, "చెప్పాల్సింది బావా, నేనే అన్నానని" అన్నాను.

"నిన్ను తిడితే నువ్వు ఎదురు మాట్లాడతవ్. ఫోన్ బిల్లు పెరుగుతది" అన్నాడు.

సఖీర్: గుడారాల మధ్య

శుక్రవారం నమాజు తర్వాత అబూ జాసిం తన చేత్తో ట్యాంకు ఖాళీ చేశాడు, తన చేత్తో సీసా నింపి, బిస్మిల్లా అని పోశాడు. చివరి చుక్క దాకా సీసాను తలకిందులుగా పట్టుకున్నాడు. వేలితో తట్టి ఇంకో అరచుక్క రాల్చాడు. ఆ వేలి దెబ్బలో ఆయన ఎవరి పక్షమో తెలిసిపోయింది. బావ డబ్బాలో ఐస్‌క్రీం చుట్టూ ఐసు ముక్కలు కూరాడు. తర్వాత పెద్దాయన కుటుంబంతో కారులో ముందు వెళ్ళిపోయాడు. కారు తాగినదెంతో ఎవరూ కొలవలేదు.

దక్షిణానికి పోతుంటే తోటలు అయిపోయి నేల బయటపడింది. పసుపు రంగు ఎడారి, దాని మీద తలూపుతూ చమురు తోడే యంత్రాలు. ఎవరో అడిగిన ప్రశ్నకల్లా "అవును, అవును" అంటున్నట్టు. నేల కింద అంత నూనె పెట్టుకుని, పైన మేమిద్దరం ఒక సీసా పెట్రోలును కాపాడుకుంటూ పోతున్నాం. పద్నాలుగో కిలోమీటరు దగ్గర బావ మీటరు మీదికి వంగాడు. ఇరవై దాటాక నిటారుగా కూర్చున్నాడు. ఇరవై ఆరుకు రేసుల ట్రాక్ కనపడింది. కట్టి రెండుమూడేళ్ళే అయింది, ఎడారిలో దిగిన అంతరిక్ష నౌకలా ఉంది. అందులో తిరిగే కార్లు లీటరుకు ఎంతిస్తాయో అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

బండి ఇంకా ఉరుకుతూనే ఉంది. "గెలిచినం బావా!" అని అరిచాను.

"గుడారం ఏది?" అన్నాడు బావ.

అప్పుడు చూశాను. కనుచూపు మేర గుడారాలే. చలికాలం వస్తే వీళ్ళు పెద్ద పెద్ద ఇళ్ళు తాళం వేసి, ఇసుకలో గుడారాలు వేసుకుని వారాలకు వారాలు ఉంటారు. దాన్ని క్యాంపు అంటారు. బావ మొదటి మూడేళ్ళూ ఒక గదిలో పన్నెండు మందితో ఉన్నది కూడా క్యాంపే. "ఒక్కటే పేరు రా. ఈళ్ళు ఇల్లుండి అస్తరు, మేము ఇల్లు కట్టుకునేతందుకు ఉంటిమి" అన్నాడు బావ. మళ్ళీ వెంటనే, "గని మంచిగుంది గద, పిల్లలు, ముసలోళ్ళు అందరొక్కకాడ" అన్నాడు. నిజంగానే బాగుంది. తాతలు నిప్పు రాజేస్తున్నారు, మనవలు గాలిపటాలు ఎగరేస్తున్నారు.

జాసిం చెప్పిన గుర్తు, ఆకుపచ్చ జెండా. ఆకుపచ్చ జెండాలు నాకు కనపడినవి పదకొండు. మొదటి దాని దగ్గర ఆగి అడిగాం. అది ఆయన గుడారం కాదు, కాని అతిథిని ఊరికే పంపితే ఆ పెద్దమనిషికి పరువు తక్కువ. నన్ను కూర్చోబెట్టి చిన్న కప్పులో కాఫీ పోశాడు. పాలు, చక్కెర లేవు. యాలకులు, చేదు. తాగి కప్పు చాపాను. మళ్ళీ పోశాడు. మర్యాదకు తాగాను. మళ్ళీ పోశాడు. ఏడో కప్పుకు నా చెవుల్లో ఇంజను శబ్దం వినిపించింది. బయటినుంచి బావ అరిచాడు. "కప్పు ఊపు రా! ఊపితేనే చాలని! ఐస్‌క్రీం కరుగుతుంది!" ఊపాను. ఆయన నవ్వి, కప్పు తీసుకుని, నా భుజం తట్టాడు. అప్పటిదాకా ఆయన కూడా ఈ మనిషికి ఎప్పుడు చాలవుతుందా అని ఎదురుచూస్తున్నాడనుకుంటాను.

రెండో జెండా, మూడో జెండా. దారంతా మెత్తటి ఇసుక, మొదటి గేరు. మొదటి గేరు ఎంత తాగుతుందో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరో జెండా ముందు జాసిం చేతులు కట్టుకుని నిలబడి కనపడ్డాడు. పక్కన కుర్చీలో అబూ జాసిం. ఇంకో రెండువందల అడుగులు. బండి ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

బావ దిగాడు. ఆయన ముఖం చూస్తే, నేను జోకు వేయలేకపోయాను. ఈ కథనంలో అదొక్కటే చోటు.

కాని బావ జమ్మికుంట మనిషి. పాత బండి ట్యాంకు అడుగున మధ్యలో ఎత్తుగా, రెండువైపులా పల్లంగా ఉంటుంది. పెట్రోలు తీసుకునే గొట్టం ఎడమవైపే ఉంటుంది. కుడివైపు పల్లంలో మిగిలిన నాలుగు చుక్కలు అక్కడే పడి ఉంటాయి. అందుకని బండిని ఎడమవైపుకు ఇసుక మీద మెల్లగా పడుకోబెట్టాలి, కుడివైపుది ఇటు దొర్లుతుంది. బంకు లేని చోట మన పక్క ప్రతివాడూ చేసే పని. బావ పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. ఐస్‌క్రీం డబ్బా నేను నెత్తిన పెట్టుకున్నాను. చుట్టూ పిల్లలు మూగారు. ఒకడు బండి చచ్చిపోయిందా అని జాలిగా అడిగాడు. బావ ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడటం చూస్తే ఎవరికైనా అట్లానే అనిపిస్తుంది.

ఇంతలో అబూ జాసిం కుర్చీలోంచి లేచాడు. తెల్ల అంగీ రెండు చేతులతో పైకి పట్టుకుని, ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఆ పరుగు! "ఇంకా! ఇంకా వంచు! ఐసా నహీ, ఐసా!" అని తనే వంగి హ్యాండిలు నేలకు ఆనించాడు. అప్పుడు తెలిసింది, ఆయన కుర్రతనంలో చమురు దేశంలోనూ పెట్రోలు బంకు అంటే ఎక్కడో ఒకటి. చేపల బజారు నుంచి భార్యతో వస్తూ ఈ బండినే ఎన్నిసార్లు ఇట్లా పడుకోబెట్టాడో. వేల మైళ్ళ అవతల పుట్టిన ఇద్దరు మనుషులు ఒకే బండి పక్కన ఒకే రకంగా మోకాళ్ళ మీద కూర్చున్నారు.

లేపారు. బావ కిక్కు కొట్టాడు. మూడో కిక్కుకు అందుకుంది. "యల్లా! యల్లా!" అని, అంటే పద పద అని, పిల్లలు వెంటపడ్డారు, నేను డబ్బా నెత్తిన పెట్టుకుని పిల్లల వెంట పడ్డాను. బండి గుడారం తాడు దగ్గరకు వెళ్ళి తనంతట తనే ఆగింది. ఈసారి వంచినా పలకలేదు.

జాసిం మొదట డబ్బా తెరిచి వేలితో నొక్కాడు. అంచుల్లో మెత్తగా, నడుమ గట్టిగా ఉంది. వంగి మీటరు చూశాడు. ముప్పై ఏడు. తండ్రి వైపు చూశాడు. తండ్రి అంగీ అంతా ఇసుక, ముఖమంతా నవ్వు. జాసిం ఫోను తీసి ఎవరితోనో రెండు మాటలన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"పాతసామానోనికి జేసిండు" అన్నాడు బావ. "రేపు రావద్దన్నడు."

తర్వాత అందరం చాప మీద కూర్చున్నాం. బండి చక్రమంత పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం. ఒకే పళ్ళెం. అబూ జాసిం మంచి ముక్కలు తుంచి బావ వైపు నెడుతున్నాడు. మా దగ్గర పనిమనిషికి యజమాని పళ్ళెం దగ్గర చోటెక్కడుంటుందో నాకు తెలుసు. అందుకని కాసేపు తినకుండా చూశాను. జాసిం అది గమనించి, "ఇంజనీర్, తిను. ఇంతకీ బండికి ఏం చేశావు?" అన్నాడు.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

"ఇసుక సార్" అన్నాడు బావ, అన్నం కలుపుతూ. "ముక్కుల ఇసుక పోయింది. తీసేసిండు."

మళ్ళీ జమ్మికుంట

వచ్చిన మర్నాడే షెడ్డులో ఉన్న బండ్లన్నిటి పక్క మూతలు తెరిచాను. పత్తి కాలం పోయి రెండు నెలలైంది. తొమ్మిది బండ్లకు గుడ్డలు అట్లానే ఉన్నాయి. నాన్న నన్ను వింతగా చూశాడు. దుబాయి పోయొస్తే బుద్ధి వచ్చింది అన్నాడు. బహ్రెయిన్ అన్నాను. అదే అన్నాడు.

మొన్న బావ ఫోను చేశాడు. అబూ జాసింకు ఇప్పుడు కొత్త అలవాటు పట్టిందట. దుకాణం ముందు హారన్ కొట్టిన ప్రతి పెద్ద కారు దగ్గరికీ తనే లేచి వెళ్ళి, "లీటరుకు ఎంతిస్తుంది?" అని అడుగుతున్నాడట. ఆ దేశంలో ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు ముగ్గురు పళ్ళు తెచ్చి ఇచ్చారట. వాళ్ళు ఏం చెప్పినా ఈయన మా బండి వైపు చూపించి, ఇంకో ముప్పై ఎక్కువ చెబుతున్నాడట. మా ఊళ్ళో పుట్టవలసినవాడు.

ఇక చివరి మాట. నేను రాసేవి చదివేవాళ్ళు ఇద్దరున్నారు, అందులో ఒకరు మా అక్క. అక్కా, ఆ గుడ్డ కట్టమన్నది నేను. విప్పమని చెప్పనిది కూడా నేనే. ఇన్ని రోజులూ ఫోనులో తిట్లు తిన్నది బావ. ఇక నుంచి ఇటు తిట్టు, ఎదురు మాట్లాడను, ఒకే ఊళ్ళో ఉన్నాం కాబట్టి బిల్లు కూడా రాదు. నీ చీర ముక్కను బావ పారేయలేదు. ఉతికి, ఐస్‌క్రీం డబ్బా మీద ఎండ పడకుండా కట్టుకుని బుదైయా రోడ్డు మీద తిరుగుతున్నాడు. పూలు ఇంకా కనపడుతున్నాయట.

బండి ముప్పై ఎనిమిదిస్తోంది.